పాత మోటారు బండ్లలో కంపెనీ పని యేది, తరువాతి పని యేది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగమూ, పద్యమూ, పాటా వినవలసిన పండుగనాడు యీ ఇనుప సామాను గోల యేమిటని కొందరికి తోచవచ్చును. మేము రైల్వేలో గుమాస్తా వుద్యోగం చేస్తున్నాము. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. సాహిత్యం మీద ఉపన్యసించే శక్తి మాకు లేదు. ఆదివారాలు మేనమామగారి గారేజీలో స్పానర్లు అందిస్తూ నేర్చిన విద్య ఒకటి వున్నది. కార్యవర్గంవారు ఆ విద్యే చెప్పమన్నారు గనుక ధైర్యం చేస్తున్నాము.

నాందేడ్‌లోనూ, చుట్టుపక్కల దేగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాలలోనూ మనవారి పెరళ్లలో పాత జీపులూ, పికప్పులూ కొన్ని ఇంకా నిలిచివున్నాయి. కొన్నిటిమీద కోళ్లు పొదుగుతున్నాయి. కొన్నిటిని బేరగాళ్లు వచ్చి చూసి పోతున్నారు. అమ్మేవాడు "అంతా కంపెనీదే సార్" అంటాడు. కొనేవాడు "అంతా మార్చేసినారు" అంటాడు. ఇద్దరి మాటా ధర కోసమే. నిజం మాత్రం బండిలోనే వుంటుంది. దానిని చదవడం యెట్లాగన్నదే యీ నాటి విషయం.

మా వుద్యోగంలో నుంచి ఒక పోలిక చెబుతాము. గూడ్సు వ్యాగను ప్రక్కన రెండు రకాల రాతలుంటాయి. ఒకటి తయారు చేసిన కంపెనీ బిగించిన లోహపు పలక. రెండవది వర్కుషాపువారు రంగుతో వేసిన రాత. యెప్పుడు, యెక్కడ ఓవర్‌హాలు జరిగినదీ, మళ్లీ యెప్పుడు రావలసినదీ అందులో వుంటుంది. మొదటిది వ్యాగను పుట్టుక, రెండవది దాని జీవితం. రెండూ నిజమే. ఒకదానిని చూసి రెండవది అనుకుంటేనే చిక్కు. మోటారు బండికి వర్కుషాపు రాత వుండదు గనుక ఆ రాతను మనమే వెతికి చదువుకోవలె.

ముందుగా, యీ బండ్లు మన ప్రాంతానికి యెట్లా వచ్చినవో రెండు మాటలు. నాందేడ్ అప్పుడు నిజాం రాజ్యంలో వుండేది. 1932లో నిజాం స్టేట్ రైల్వేవారే రోడ్డు రవాణా శాఖ పెట్టి, 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టినారు. రైలువారే బస్సు నడిపినారన్న మాట. ఆ తొలి బస్సులు గ్లాస్గోలోని ఆల్బియన్ కంపెనీవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికా సైన్యం వదిలిపోయిన జీపులూ, ట్రక్కులూ వేలానికి వచ్చినవి. వాటిని ఇప్పటికీ డిస్పోజల్ బండ్లనే అంటారు. 1940ల చివర మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం ప్రారంభించినారు. 1954లో టాటావారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి ట్రక్కులు మొదలుపెట్టినారు. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్‌వారు జపాను నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు చేసినారు.

యీ మధ్యలో వూరి రాష్ట్రమే రెండుసార్లు మారినది. 1956 నవంబరు 1న మరాఠ్వాడా హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోయినది. 1960 మే 1న మహారాష్ట్ర అయినది. ఇప్పుడు నాందేడ్ బండికి యం.హెచ్. 26 నంబరు. కావున నంబరు ప్లేటు చూసి బండి వయస్సు చెప్పరాదు. ప్లేటు మారుతుంది, చాసిస్ మారదు.

ఇక అసలు సంగతి. బండిమీద కనిపించే సామానంతా నాలుగు తెగలు.

మొదటిది, ప్రతి బండికీ ఫ్యాక్టరీలో తప్పకుండా పెట్టేది. రెండవది, కొనేవారి కోరికపైన అదనపు ధరకు ఫ్యాక్టరీలోనే అమర్చేది. దీనినే ఆప్షను అంటారు. మూడవది, బండి కొత్తగా వున్నప్పుడే డీలరుగాని, బాడీ కట్టేవాడుగాని చేర్చినది. నాలుగవది, యేళ్లు గడచిన తరువాత యజమాని అవసరానికో సరదాకో చేయించినది.

అమెరికా పుస్తకాలు చదివినవారు మూడవ తెగను పెద్దగా లెక్కించరు. మన దేశంలో అది చాలా ముఖ్యం. యెందుకంటే మన ట్రక్కులు అనేకం ఉత్త చాసిస్‌గానే ఫ్యాక్టరీ దాటేవి. ఇంజను, చట్రం, చక్రాలు కంపెనీవి. వెనుక తొట్టి, చాలాసార్లు క్యాబిన్ కూడా, వడ్రంగీ కమ్మరీ కలిసి కట్టినవి. అటువంటి బండికి టేకు చెక్క తొట్టి వున్నంతమాత్రాన అది తరువాతి మార్పు కాదు. అది పుట్టినప్పటి చొక్కాయే, కాని కుట్టిన దర్జీ వేరు. కంపెనీ బాడీ అని చెప్పి అమ్మితే అబద్ధం. మార్చిన బాడీ అని ధర తగ్గిస్తే అన్యాయం.

యీ నాలుగు తెగలను విడదీయడానికి మూడు సాక్ష్యాలు కావలె. కాగితం, లోహం, యుక్తి.

కాగితం సంగతి చూద్దాము. రిజిస్ట్రేషను పుస్తకంలో చాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంధనం, సీట్ల సంఖ్య, బాడీ తరహా వుంటాయి. ఇప్పటి స్మార్టు కార్డు వున్నా పాత పుస్తకం పారవేయరాదు. పాత పుస్తకంలో గుమాస్తా యెర్ర సిరాతో వ్రాసిన ఒక్క ముక్క కార్డులోకి యెక్కకపోవచ్చును. అమెరికాలో 1967 మొదలు షెవర్లే పికప్పులకు గ్లవ్‌బాక్సు తలుపు లోపల ఒక కాగితం అంటించి, ఆ బండికి ఫ్యాక్టరీలో పెట్టిన ఆప్షనులన్నీ అందులో అచ్చువేసేవారు. మన బండ్లలో వెతకవలసినవి మొదటి కొనుగోలు బిల్లు, కంపెనీ విడిభాగాల పుస్తకం. ఇక్కడ ఒక జాగ్రత్త. విడిభాగాల పుస్తకంలో వించి వున్నదంటే కంపెనీ వించి అమ్మేదని అర్థం. మీ బండికి ఆ నాడు వించి పెట్టినారని అర్థం కాదు. భోజన హోటలు పట్టికలో పూర్ణాలున్నంతమాత్రాన మన విస్తట్లో వడ్డించినట్టు కాదు గదా.

ఇక లోహం. కాగితాన్ని మార్చవచ్చు. లోహం అంత సులభంగా లొంగదు. ముందు రంధ్రాలు చూడవలె. ఫ్యాక్టరీలో పంచి వేసిన రంధ్రం గుండ్రంగా, అంచు శుభ్రంగా, రంగు లోపలి అంచుదాకా వుంటుంది. తరువాత డ్రిల్లుతో వేసినదానికి రంగు లేచిపోయి వుంటుంది. గ్యాసుతో కోసినదైతే అంచు కరిగి కారిన మైనంలాగా వుంటుంది.

తరువాత అతుకులు. ఫ్యాక్టరీలో రేకులను స్పాట్ వెల్డింగుతో కలుపుతారు. వరుసగా, సమదూరంలో, చిన్న గుండ్రని గుంటలు కనిపిస్తాయి. గారేజీ వెల్డింగు పాము నడచినట్టు గట్టు కట్టి, చుట్టూ చిట్లిన చుక్కలుంటాయి.

మూడవది బోల్టులు. ఇది అందరూ చేయగల పరీక్ష. విల్లీస్ జీపు అంగుళాల లెక్కన చేసిన బండి. అరంగుళం స్పానరు పట్టవలసిన చోట 13 మిల్లీమీటర్ల స్పానరు బిగువుగా పట్టిందంటే ఆ బోల్టు తరువాత వచ్చినదే. ఒక బోల్టు మారితే మరమ్మతు. ఒక సామానుకున్న బోల్టులన్నీ మిల్లీమీటర్లవైతే ఆ సామానుమీదే అనుమానించవలె. యుద్ధకాలపు జీపులను విల్లీస్‌తోపాటు ఫోర్డుకూడా చేసినది. ఫోర్డువారు తమ బోల్టుల తలలమీద కూడా ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ముద్ర వేసేవారు. ఆ ముద్ర వున్న బోల్టు చేతికి వస్తే భద్రపరచండి.

నాలుగవది రంగు. పైన కొట్టిన రంగు కాదు. సీటు క్రింద, డాష్‌బోర్డు వెనుక, కంపెనీ పలక అడుగున చూడవలె. గోటితో గీకితే పొరలు బయటపడతాయి. అదనపు సామాను క్రింద మొదటి రంగు ఒక్కటే వుంటే అది మొదటి నుంచీ వున్నదనడానికి బలం. దాని క్రింద మూడు రంగులుంటే మూడు రంగుల తరువాతనే అది వచ్చినది.

అయిదవది వైర్లు. ఆ కాలపు వైరుమీద నూలు అల్లిక తొడుగు వుండేది. నేటి ప్లాస్టికు వైరు ఎర్రగా మెరుస్తూ మెలిపెట్టి టేపు చుట్టివుంటే పుట్టుక చెప్పనక్కరలేదు. యుద్ధకాలపు జీపుది ఆరు వోల్టుల విద్యుత్తు. పన్నెండు వోల్టుల బ్యాటరీ వున్నదంటే లైట్లూ, డైనమో, స్టార్టరూ కూడా మారివుండవలె.

ఇక మూడవ సాక్ష్యం యుక్తి. వస్తువు, కాలము, చోటు పొసగుతున్నవా అన్నదే యుక్తి. మచ్చుకు కొన్ని.

యుద్ధకాలపు జీపు ముఖానికి తొమ్మిది చీలికలు. యుద్ధం తరువాత జనానికి అమ్మిన జీపుకు యేడు చీలికలు, పెద్ద దీపాలు. యేడు చీలికల బండిని మిలిటరీ అసలు జీపని చెబితే చిరునవ్వు నవ్వి వూరుకోండి. అమెరికా సైన్యపు జీపుకు స్టీరింగు యెడమవైపు. మహీంద్రా జీపుకు కుడివైపు. కుడివైపు స్టీరింగుతో సైన్యపు జీపు కనబడితే, యెడమవైపు పెడళ్ల రంధ్రాలు మూసిన అతుకులు యెక్కడో వుండితీరవలె. బానెట్టు బాగా యెత్తుగా వుంటే అది సి.జె. 3బి. లోపలి కొత్త ఇంజను యెత్తు యెక్కువ గనుక ఆ బానెట్టు పెంచినారు. అది ఫ్యాక్టరీ పనే. టాటా ట్రక్కుల ముఖాన బెంజి నక్షత్రం 1969లో ఆ ఒప్పందం ముగిసేవరకే వుండేది. 1975 నాటి ట్రక్కుకు నక్షత్రం మెరుస్తూవుంటే అది డ్రైవరుగారి భక్తి.

అమెరికా షెవర్లే పికప్పులలో 1947 నుంచి 1955 వరకు వచ్చిన తరహాకు క్యాబిన్ వెనుక మూలలలో వంపు అద్దాలు కొన్నిటికే వుంటాయి. చూసినవారు రేకు కోసి అద్దం పెట్టినారనుకుంటారు. నిజానికి అది అదనపు డబ్బుకు ఫ్యాక్టరీలో పెట్టిన అమరికే. కావున వింతగా కనిపించినదల్లా మార్పు కాదు. పాతగా కనిపించినదల్లా కంపెనీదీ కాదు. అరవై యేళ్ల క్రితం చేసిన మార్పుకు కూడా అరవై యేళ్ల తుప్పు పడుతుంది. తుప్పు వయస్సు చెబుతుందే గాని వంశం చెప్పదు.

యీ విద్య యెవరికి పనికివచ్చిందని అడగవచ్చును. మన సంఘంలోని ఒక కుటుంబంలో పెద్దాయన కాలం చేసినారు. ఆయన 1960లలో కొన్న సి.జె. 3బి జీపు పెరట్లో వున్నది. కొడుకులు పంపకాలు చేసుకుంటూ దానిని పాత ఇనుము వ్యాపారికి ఇవ్వడానికి నిశ్చయించినారు. మేము వెళ్లేసరికి కాంటా దించి సిద్ధంగా పెట్టినారు.

"అన్నా, ఇంజను డీజిలుది యేసినారు, యెనక రేకు డబ్బా కట్టినారు. ఇంక అసలుదేమున్నది? కిలో లెక్కకే పోతది" అన్నాడు పెద్ద కొడుకు.

లోపల నుంచి తల్లిగారు, "బిడ్డా, మీ కాక దాన్ని వున్నన్నాళ్లు అమ్మనియ్యలే. వూరికే అట్ల అన్నడా?" అన్నారు.

మేము పాత పుస్తకం అడిగినాము. ఇంధనం గడిలో పెట్రోలు అని వున్నది. మహీంద్రావారు తరువాత తామే డీజిలు జీపులు చేసినారు గనుక డీజిలు ఇంజను కనబడగానే మార్పనరాదు. పుస్తకం పెట్రోలంటున్నది గనుక యీ బండిలో అది మార్పే. ఇంజను పట్టే ఆధారాలు గారేజీ వెల్డింగుతో అతికించినవి. వాటి ప్రక్కనే పాత ఆధారాలు కోయకుండా వున్నవి. వెనుక రేకు డబ్బా బోల్టులతో బిగించినది. దాని క్రింద కంపెనీ బాడీ చెక్కుచెదరలేదు. అప్పుడు పాత ఇంజను యేమైనదని అడిగినాము. యెవరికీ తెలియదు. తల్లిగారే పశువుల కొట్టం చూపించినారు. గోనెపట్టాల క్రింద, గడ్డి ప్రక్కన వున్నది. కిరసనాయిలు పోసి, ఇనుప బ్రష్షుతో రుద్ది, నీటి పంపు దగ్గర బ్లాకుమీది చదునైన చోట సుద్దముక్క రాసినాము. అంకెలు తెల్లగా లేచినవి. పుస్తకంలోని నంబరు అదే.

కాంటా తిరిగి టెంపో యెక్కినది. మెకానిక్కు చూసి బ్లాకు పగలలేదన్నాడు. ఇంజను తిరిగి యెక్కించే పని సాగుతున్నది. దానికి యెంత ధర పలుకుతుందో మేము చెప్పలేము. ఇనుము లెక్కన మాత్రం పోదు. తండ్రి యెందుకు దాచినాడో పిల్లలకు తెలిసినది. అది చాలు.

పై ఉదాహరణలో ఒక భేదం గమనించవలె. మార్పులు రెండు రకాలు. విప్పితే పోయేవి, కోస్తేగాని పోనివి. రేకు డబ్బా విప్పితే పోయింది. అదే చట్రాన్ని నరికి పొడుగు చేసివుంటే యే స్పానరూ దానిని వెనక్కి తేలేదు. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి చోట్ల ముక్కలు ముక్కలుగా కూర్చిన జీపులు తయారవుతాయని అందరూ యెరుగుదురు. ఆ చేతిపని మెచ్చుకోదగినదే కావచ్చు. దానిని పాత జీపని చెప్పి అమ్మడమే తప్పు.

చట్టం కూడా యీ భేదాన్ని అడుగుతున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు యీ సంగతి గట్టిగా చెప్పినది. ఇక 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 యేళ్లు దాటి, సొంత వాడుకలో వుండి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేకుండా వున్న బండికి వి.ఎ. అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలు. పది యేళ్లు చెల్లుతుంది. తిరిగి చేయించుకోవడానికి 5,000. అటువంటి బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తప్ప రోజువారీగా రోడ్డుమీద తిప్పరాదు. సరుకుల బండిగా రిజిస్టరైన పికప్పు వున్నవారు ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో విచారించుకుని తరువాతనే డబ్బు ఖర్చు పెట్టవలె.

చివరగా, పాత బండి వున్నవారికీ, కొనదలచినవారికీ మా మనవులు.

1. ఫోటోలు తీయకుండా యే సామానూ విప్పవద్దు. విప్పిన తరువాత సాక్ష్యం చెదిరిపోతుంది.

2. రంగు వేయించే ముందే పరీక్ష చేయించండి. కొత్త రంగు అన్ని సాక్ష్యాలనూ కప్పేస్తుంది.

3. మూడు సాక్ష్యాలలో రెండైనా కలిస్తేగాని ఆప్షను పేరుతో అదనపు ధర ఇవ్వవద్దు.

4. టైర్లు, గొట్టాలు, బెల్టులు అరిగితే మార్చినవి మార్పులుగా లెక్కించవద్దు. అవి చెప్పుల వంటివి.

5. పెరట్లో, అటకమీద పడివున్న పాత ముక్కను బండితో పోల్చకుండా ఇనుములో వేయవద్దు.

6. బ్రేకులూ, స్టీరింగూ ప్రాణానికి సంబంధించినవి. వాటి విషయంలో అసలుదనం కంటె భద్రతే ముందు.

మార్పు చేసినవారిని తిట్టడం మా వుద్దేశ్యం కాదు. పెట్రోలు ధర భరించలేక డీజిలు వేసుకున్నవాడు ఆ బండితోనే పిల్లలను చదివించినాడు. వానకు ఓర్వలేక రేకు కప్పు వేసుకున్నవాడు దానిక్రిందనే పెళ్లివారిని దింపినాడు. ఆ పనులకు కూడా గౌరవం వున్నది. యేది యెప్పుడు చేరినదో తెలిసివుండవలె, అంతే.

మనమూ నిజామాబాద్ నుంచీ, ఆదిలాబాద్ నుంచీ, కోస్తా నుంచీ వచ్చి యీ గోదావరి ఒడ్డున స్థిరపడినాము. మన తెలుగులో మరాఠీ మాటలు చేరినవి. మన ఇండ్లలో ఉగాది పచ్చడి ప్రక్కన గుడి పాడ్వా గుడీ లేచినది. చేరినవి చేరనివ్వండి. తాతలిచ్చిన ఇంజను మాత్రం గోనెపట్టాల క్రింద మరచిపోకుండా పిల్లలకు చూపిద్దాము.

మీ అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.